ప్రతి అమెరికా వార్తకూ '1984' పేరు ఎత్తడం సబబేనా?

చికాగో చలిగాలి
మా బంధువుల వాట్సాప్ గ్రూపులో అమెరికా వార్త ఏది వచ్చినా ఎవరో ఒకరు "ఆర్వెల్ చెప్పినట్టే జరుగుతోంది" అని, నిరంకుశ పాలన మీద ఆయన రాసిన '1984' నవలను తలచుకుంటూ రాస్తున్నారు. విచిత్రమేమిటంటే ఆ మాట రెండు పక్షాల వాళ్ళూ అంటున్నారు. 2017 జనవరిలో ట్రంప్ సలహాదారు కెల్లీయాన్ కాన్వే "ప్రత్యామ్నాయ వాస్తవాలు" అన్నప్పుడు ట్రంప్ వ్యతిరేకులు ఎగబడి కొనడంతో '1984' నవల అమెజాన్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. 2021 జనవరిలో ట్విట్టర్ ట్రంప్ ఖాతాను మూసివేసినప్పుడు ఆయన పెద్ద కొడుకు, మనమంతా ఆర్వెల్ నవలలోనే బతుకుతున్నామని ప్రకటించాడు. 2022 ఏప్రిల్‌లో బైడెన్ ప్రభుత్వం తప్పుడు సమాచారాన్ని ఎదుర్కొనడానికంటూ ఒక బోర్డును ప్రకటిస్తే రిపబ్లికన్లు దానికి, నవలలో అబద్ధాలు తయారుచేసే శాఖ పేరైన 'సత్య మంత్రిత్వ శాఖ' అని పేరు పెట్టారు. మూడు వారాలు తిరిగేసరికి ఆ బోర్డు పని ఆగిపోయింది. పరస్పరం తిట్టుకునే ఇద్దరికీ ఒకే పుస్తకం పనికివస్తున్నదంటే ఆ పోలికలో ఇంకా అర్థమేమైనా మిగిలిందా? మిగిలితే, ఇప్పటి అమెరికాకు నిజంగా దగ్గరగా ఉన్న నవల ఏది? చదివినవాళ్ళు చెప్పండి. సినిమా మాత్రమే చూసినవాళ్ళు కూడా చెప్పవచ్చు, కాకపోతే ఆ సంగతి ముందే ప్రకటించాలి.

పాతపుస్తకాల సందు
మనవాళ్ళు '1984'ను బ్రహ్మంగారి కాలజ్ఞానంలా చదువుతున్నారు, తేడా అంతా అక్కడే వస్తోంది. ఏదో జరిగిన తరువాత వెనక్కి వెళ్ళి "అదిగో, ఆనాడే చెప్పారు" అనడానికి కాలజ్ఞానం బాగా పనికివస్తుంది. ఆర్వెల్ మాత్రం జోస్యం చెప్పలేదు. 1949లో వచ్చిన ఆ నవలలో ఉన్నది ఆయన కళ్ళారా చూసిన నలభైల నాటి ప్రపంచం: లండన్‌లో రేషన్, బీబీసీలో యుద్ధకాలపు ప్రచార ఉద్యోగం, పాత ఫోటోల నుంచి మనుషులను చెరిపివేసిన స్టాలిన్ రష్యా. కాబట్టి ఫలానా వార్త నవలలోని ఫలానా పేజీలా ఉందా అని వెతకడం కన్నా, నవలలో ఆ వ్యవస్థ దేనిమీద నిలబడి ఉందో చూడాలి. అది నిలబడింది ఒకే ఒక్క దాని మీద: గతానికి సంబంధించిన కాగితమంతా ఒకే చేతిలో ఉండడం మీద.

అమెరికాలో ఆ పరిస్థితి లేదు. 2025 జనవరి చివరలో ఆరోగ్య శాఖ వెబ్‌సైట్ల నుంచి కొన్ని పేజీలు మాయమైనప్పుడు వైద్యుల సంఘం ఒకటి కోర్టుకు వెళ్ళింది, ఫిబ్రవరిలో ఫెడరల్ న్యాయమూర్తి వాటిని తిరిగి పెట్టమని ఆదేశించాడు. ఈలోగా ఊరూపేరూ లేని స్వచ్ఛంద కార్యకర్తలు ప్రతులు దాచిపెట్టారు. నవల కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్‌కు దావా వేయడానికి కోర్టు లేదు, దాచుకోవడానికి ప్రతి లేదు.

నేపర్‌విల్ నాయుడు
ఆ నవలలోని ఓషియానియా దేశంలో '1984' దొరకదు. ఇక్కడ రెండు మసాలా దోసెల ధరకు వస్తుంది. నా మటుకు చర్చ ముగిసింది.

పెన్నేటి గాలి
నాయుడు గారూ, దొరకడం వేరు, పట్టించుకోవడం వేరు. పాతపుస్తకాల సందు గారు చెప్పినది సగమే నిజం. కోర్టు అడ్డుకున్నంత మాత్రాన ప్రయత్నమే జరగలేదని అనలేము కదా. నవలలో వారానికి ముప్ఫై గ్రాముల చాక్లెట్‌ను ఇరవైకి తగ్గించి, మరునాడు "ఇరవైకి పెంచాము" అని ప్రకటిస్తారు, జనం కృతజ్ఞత చెబుతూ ఊరేగుతారు. దానితో 2025 ఆగస్టు 1ని పోల్చి చూడండి. ఉద్యోగాల నివేదిక ఉదయం వచ్చింది, అందులో మే, జూన్ అంకెలను కలిపి 2,58,000 తగ్గించారు. ఆ రోజు గడవకముందే కార్మిక గణాంకాల సంస్థ అధిపతి ఎరికా మెకెంటార్ఫర్‌ను అధ్యక్షుడు తొలగించాడు. అంకెలు తారుమారు చేశారన్నాడు, ఆధారం చూపలేదు. ఇక్కడ ఎవరూ అంకెను మార్చలేదని నేనూ ఒప్పుకుంటాను. అయితే తరువాత ఆ కుర్చీలో కూర్చునే వ్యక్తి చెడ్డ అంకె కనబడినప్పుడు ఏమి ఆలోచిస్తాడన్నది మాత్రం ఆర్వెల్ రాసిన విషయమే.

రామబాణం77
ఈ వేదికలో రిపబ్లికన్లకు ఓటు వేసిన కొద్దిమందిలో నేనొకడిని, కాబట్టి నా మాట కూడా వినండి. ఆ సంస్థ అంకెలను తరువాత భారీగా సవరించడం నిజమే, సర్వేకు జవాబిచ్చేవారి శాతం ఏళ్ళుగా పడిపోతున్నదీ నిజమే. అధ్యక్షుడు నియమించే పదవిలోని అధికారిని అధ్యక్షుడే తొలగిస్తే దానిని ఒక్కసారిగా ఓషియానియాకు తీసుకుపోవడం అతి. కోవిడ్ కాలంలో వైట్‌హౌస్ వాళ్ళు ఫలానా పోస్టులు తీసివేయమని సోషల్ మీడియా కంపెనీలను ఒత్తిడి చేసినప్పుడు మీలో ఎంతమందికి ఆర్వెల్ గుర్తుకు వచ్చాడు? ఆ ఒత్తిడి నిజమేనని జుకర్‌బర్గ్ 2024 ఆగస్టులో ప్రతినిధుల సభ కమిటీకి రాసిన ఉత్తరంలో స్వయంగా చెప్పాడు. మన పార్టీ చేస్తే పరిపాలన, అవతలి పార్టీ చేస్తే డిస్టోపియా, అంటే పీడకల లోకం, అన్నట్టుంది.

పెన్నేటి గాలి
నాకు గుర్తుకు వచ్చాడు, అప్పుడూ ఇదే వేదికలో రాశాను, మీరు ఆ రోజు నాకు లైకు కూడా కొట్టారు. అయితే ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, 2024 జూన్‌లో దావా వేసినవారికి ఆ అర్హత లేదని కోర్టు తేల్చింది. ఒత్తిడి తప్పా ఒప్పా అన్న అసలు ప్రశ్నకు జవాబు రాలేదు. నాకు అదే అసంతృప్తి.

తుంగభద్ర తీరం
మీరంతా ఆర్వెల్ చుట్టూనే తిరుగుతున్నారు. మీడియా విమర్శకుడు నీల్ పోస్ట్‌మన్ 1985లోనే తేల్చి చెప్పాడు, అమెరికాకు సరిపోయేది ఆర్వెల్ కాదు, 'బ్రేవ్ న్యూ వరల్డ్' రాసిన హక్స్‌లీ అని. పుస్తకాలను నిషేధించేవారి గురించి ఆర్వెల్ భయపడితే, నిషేధించవలసిన అవసరమే లేనంతగా చదివేవారు కరువవుతారని హక్స్‌లీ భయపడ్డాడన్నది ఆయన వాదనలో సారాంశం. టీవీ రాజకీయాలను వినోదంగా మార్చేస్తుందని ఆయన రాసిన దాదాపు ఇరవై ఏళ్ళకు 'ది అప్రెంటిస్' మొదలైంది, ఇంకో పన్నెండేళ్ళకు ఆ కార్యక్రమంలో కుర్చీ వేసుకుని కూర్చున్న వ్యక్తి అధ్యక్ష ఎన్నికలో గెలిచాడు. ఇంతకన్నా రుజువు ఏమి కావాలి?

పాతపుస్తకాల సందు
తుంగభద్ర గారూ, పోస్ట్‌మన్ అంటే నాకూ గౌరవమే, కానీ 'బ్రేవ్ న్యూ వరల్డ్'ను మళ్ళీ ఒకసారి తెరవండి. ఆ లోకంలో అందరూ తృప్తిగా ఉంటారు. ఎవరికైనా కాస్త మనసు బాగా లేకపోతే సోమా మాత్ర వేసుకుని ఊరుకుంటారు. నేటి అమెరికాలో ఏ పక్షం వారు తృప్తిగా ఉన్నారు? సోమా మింగినవాడికి కోపం రాదు, ఫోను చూసినవాడికి ముందు వచ్చేదే కోపం. అందుకు ఆర్వెల్ నవలలో రోజూ జరిగే 'రెండు నిమిషాల ద్వేషం' దగ్గరగా ఉంది, అయితే అక్కడ దానిని పార్టీ నడిపిస్తుంది, ఇక్కడ ప్రకటనల ఆదాయం నడిపిస్తోంది. ఈ కలయికను ఇద్దరిలో ఎవరూ ఊహించలేదు.

కొల్లేటి కొంగ
సినిమా మాత్రమే చూశానని ముందే ప్రకటిస్తున్నాను. 2006లో వచ్చిన 'ఇడియోక్రసీ' సంగతి ఎవరూ ఎత్తరేమిటి?

నేపర్‌విల్ నాయుడు
ఆ సినిమాలో అధ్యక్షుడు తనకన్నా తెలివైనవాడు దొరికితే పిలిచి మంత్రి పదవి ఇస్తాడండీ. అందుకని దానిని డిస్టోపియా కింద లెక్కించలేదేమో.

గణితం మాస్టారు
ఆర్వెల్‌ను తలచుకునేవారంతా పేర్ల గురించి మాట్లాడతారు కాబట్టి ఒక తిరకాసు చెప్పాలనిపించింది. నవలలో యుద్ధం నడిపే శాఖ పేరు శాంతి మంత్రిత్వ శాఖ. పేరు పనిని దాచిపెట్టాలి, నవలలో పార్టీ తయారుచేసిన భాష న్యూస్పీక్ సూత్రం అది. అమెరికాలో 1789 నుంచి ఉన్నది యుద్ధ శాఖ. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత సైనిక వ్యవస్థను పునర్వ్యవస్థీకరించి 1949లో దానికి రక్షణ శాఖ అన్న పేరు ఖాయం చేశారు, సరిగ్గా '1984' ప్రచురితమైన సంవత్సరంలోనే. అంటే ఆర్వెల్ ఎగతాళి చేసిన నామకరణం గత డెబ్భై ఏళ్ళుగా రెండు పార్టీల హయాంలోనూ నిశ్చింతగా నడిచింది, కొరియా నుంచి ఇరాక్ దాకా జరిగినదంతా 'రక్షణ' ఖాతాలోనే పడింది. 2025 సెప్టెంబరు 5న ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు 'యుద్ధ శాఖ' అన్న పాత పేరును రెండవ పేరుగా వాడుకోవచ్చన్నది. చట్టంలో పేరు మారాలంటే కాంగ్రెస్ పూనుకోవాలి.

ఇప్పుడు చెప్పండి, ఇది ఆర్వెల్ లోకమా, దానికి తలకిందులా? నాకు తలకిందులుగానే కనిపిస్తోంది. దాచడం కాదు, బాహాటంగా చెప్పి గర్వపడడం జరుగుతోంది. ఈ ధోరణిని అర్థం చేసుకోవడానికి న్యూస్పీక్ పనికిరాదు. అయితే అదే ఏడాది జనవరిలో మెక్సికో సింధుశాఖకు 'గల్ఫ్ ఆఫ్ అమెరికా' అని పేరు మార్చి, ఆ పేరు వాడనందుకు అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరులను అధ్యక్షుడి కార్యాలయంలోకి రానివ్వకపోవడం మాత్రం ఆర్వెల్‌కు తెలిసిన లోకమే. అక్కడ పేరు వినయానికి పరీక్షగా మారింది.

రామబాణం77
మాస్టారి మాటలో మొదటి సగం బాగుంది.

డాలస్ దోసకాయ
బ్రాడ్‌బరీ రాసిన 'ఫారెన్‌హీట్ 451'ను ఎవరూ తలవలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మా అబ్బాయి చదివే హైస్కూల్ లైబ్రరీలో కొన్ని అరలకు చాలా రోజులపాటు కాగితం అంటించి, "పరిశీలనలో ఉన్నవి" అని రాసిపెట్టారు. వాడికి కావలసిన నవల అక్కడే ఉంది, కనిపిస్తోంది, తీసుకోవడానికి మాత్రం వీల్లేదు. రచయితల సంఘం పెన్ అమెరికా లెక్క ప్రకారం 2023-24 విద్యా సంవత్సరంలో బడులలో పుస్తకాలు తొలగించిన సందర్భాలు పదివేలు దాటాయి, ఫ్లోరిడా, అయోవా రాష్ట్రాలు ముందున్నాయి. ఫ్లోరిడాలో 2023లో చేసిన చట్టం, లైంగిక వర్ణన ఉన్నదని తల్లిదండ్రులో స్థానికులో అభ్యంతరం చెబితే, విచారణ తేలేదాకా ఆ పుస్తకం పిల్లల చేతికి రాకూడదన్నది. బ్రాడ్‌బరీ నవలలో ఫైర్‌మన్లు వచ్చి తగలబెడతారు. ఇక్కడ ఎవరూ ఏదీ తగలబెట్టలేదు, ఒక ఫారం నింపితే సరిపోయింది.

రామబాణం77
బడి లైబ్రరీలో లేకపోవడం నిషేధం ఎలా అవుతుంది? బజారులో దొరుకుతుంది, ఊరి పబ్లిక్ లైబ్రరీలో దొరుకుతుంది. తొమ్మిదేళ్ళ పిల్లకు ఏది తగునో అడిగే హక్కు తల్లిదండ్రులకు లేదా? ఇక బ్రాడ్‌బరీ విషయానికి వస్తే, ఆ నవలలో ఫైర్‌మన్ల అధికారి కెప్టెన్ బీటీ ఏమంటాడో మీరే చదవండి. ఇది పై నుంచి, ప్రభుత్వం నుంచి మొదలుకాలేదంటాడు. ఎవరి మనసూ నొప్పించకూడదని ఒక్కొక్క వర్గమూ ఒక్కొక్క పేజీ చింపించుకుంటూ పోతే చివరికి పుస్తకమే మిగలలేదంటాడు. ఆ విమర్శ మీ పక్షానికీ తగులుతుంది.

డాలస్ దోసకాయ
తగులుతుంది, కాదనను. బ్రాడ్‌బరీకే ఆ అనుభవం ఉంది. 1967 నుంచి బడిపిల్లల కోసం వేసిన ప్రతులలో ప్రచురణకర్తలు ఆయనకు చెప్పకుండా 75 చోట్ల మాటలు మార్చారు, పుస్తకాలను నాశనం చేయడం గురించిన పుస్తకంలోనే! అది బయటపడిన తరువాత 1979లో ఆయన రాసిన అనుబంధం చదివితే ఆ కోపం ఇప్పటికీ వేడిగానే ఉంటుంది. నా ప్రశ్న వేరు. మీ తొమ్మిదేళ్ళ అమ్మాయికి ఏది తగునో మీరు నిర్ణయించండి. మా పదహారేళ్ళ అబ్బాయికి ఏది తగునో కూడా మీరే ఎందుకు నిర్ణయించాలి?

అట్లాంటా అమృతవల్లి
2017 మార్చిలో టెక్సస్ సెనేట్ గ్యాలరీలో ఎర్ర అంగీలు, తెల్ల టోపీలు వేసుకుని కూర్చున్న మహిళల ఫోటో చూసిననాటి నుంచి మార్గరెట్ ఆట్‌వుడ్ నవల 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్' అంటే అందరికీ ఆ దుస్తులే గుర్తుకు వస్తున్నాయి. 2022 జూన్ 24న సుప్రీంకోర్టు డాబ్స్ తీర్పుతో, గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పు కొట్టుకుపోయిన రోజున మా ఆఫీసులో ఒకామె, ఆ నవలలోని నియంతృత్వ దేశం పేరు ఎత్తి "గిలియడ్ వచ్చేసింది" అన్నది. ఆమె బాధ నాకు అర్థమయింది, పోలిక మాత్రం సరిగా అతకలేదు. ఆట్‌వుడ్ నవలలో అధ్యక్షుడిని కాల్చివేసి, కాంగ్రెస్ సభ్యులను చంపి, రాజ్యాంగాన్ని పక్కన పెడతారు. డాబ్స్ తీర్పు అలా రాలేదు. దశాబ్దాలపాటు ఓపికగా న్యాయమూర్తులను తయారు చేసుకుని, ఎన్నికలలో గెలిచి, సెనేట్‌లో ఓట్లు వేయించుకుని, చివరికి ఒక తీర్పు రాయించుకున్నారు. అన్నీ చట్టబద్ధమే. ఆ తరువాత 2022 ఆగస్టులో కాన్సస్ వంటి రిపబ్లికన్ రాష్ట్రంలో కూడా గర్భస్రావ హక్కును తొలగించే సవరణను ఓటర్లు ఓడించారు. గిలియడ్‌లో అలాంటి బ్యాలట్ ఉండదు.

ఇంకొక సంగతి. చరిత్రలో ఎక్కడో ఒకచోట జరగనిదేదీ నవలలో పెట్టకూడదని ఆట్‌వుడ్ తనకు తాను నియమం పెట్టుకున్నది. 1966లో చౌషెస్కూ రొమేనియాలో గర్భస్రావాన్ని నిషేధించిన డిక్రీ ఆమె ముందు ఉన్నది. అంతకన్నా దగ్గరలో, అమెరికా దక్షిణాదిలోనే, బానిస స్త్రీల గర్భంపై యజమానికి హక్కు ఉండేది, వారికి చదువు నేర్పడం నేరంగా ఉండేది. నేనుండే రాష్ట్రంలో జరిగిన ఆ చరిత్రను వదిలేసి "రాబోయే రోజులు" అంటూ భయపడడం నాకు వింతగా అనిపిస్తుంది.

ప్యాసడీనా పిచ్చుక
అమృతవల్లి గారి చివరి పేరా చదివాక ఆక్టేవియా బట్లర్ పేరు చెప్పకుండా ఉండలేను. 1993లో వచ్చిన 'పారబుల్ ఆఫ్ ది సోవర్' కథ 2024 జూలైలో, లాస్ ఏంజిలస్ సమీపంలో మొదలవుతుంది. నీళ్ళ ధర, కార్చిచ్చులు, గోడలు కట్టుకుని లోపల బతికే కాలనీలు, జీతానికి బదులు అప్పు మిగిల్చే కంపెనీ ఊళ్ళు అన్నీ అందులో ఉన్నాయి. 1998లో వచ్చిన రెండవ భాగంలో అధ్యక్ష పదవికి పోటీ చేసే మతవాద నాయకుడు అమెరికాను మళ్ళీ గొప్పగా చేద్దామంటాడు. ఇది చూసి అందరూ ఆశ్చర్యపోతారు, కానీ 1980లో రీగన్ ప్రచారంలోనే ఆ నినాదం ఉంది. ఆమె వార్తాపత్రికలు శ్రద్ధగా చదివే మనిషి, రీగన్ కాలంలో చూసిన వాటినే ఇలాగే సాగనిస్తే ఏమవుతుందో అని పొడిగించింది. బట్లర్ పుట్టింది మా ప్యాసడీనాలోనే, ఆమె సమాధి పక్కనే ఉన్న ఆల్టడీనాలో ఉంది. 2025 జనవరిలో ఈటన్ మంటలు వచ్చినది ఆ ఊరికే.

ఈ నవలలో నాకు నచ్చినదేమిటంటే, నియంత కథ మధ్యలో ఉండడు. ప్రభుత్వం అన్నిటినీ పట్టి పీడించడం కన్నా ప్రభుత్వం ఉన్నా లేనట్టే ఉండడం అక్కడి అసలు సమస్య. పోలీసులను పిలిస్తే బిల్లు వేస్తారు.

తెనాలి తాతయ్య
నేను ఎమర్జెన్సీ నాటికి కాలేజీలో చదువుతున్నాను. 1975 జూన్‌లో సంపాదకీయం స్థానంలో ఖాళీ జాగా వదిలి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ వచ్చిన రోజులు నాకు తెలుసు. అమెరికాలో ఏ పత్రికాఫీసులోనూ సెన్సారు అధికారి కూర్చోలేదు, ఆ తేడాను చిన్నది చేయకండి. అయితే మా ఎమర్జెన్సీ కూడా రాజ్యాంగంలోని 352వ అధికరణం ప్రకారమే వచ్చింది. ట్రంప్ ప్రభుత్వం 2025 మార్చిలో వెనెజువెలా వాళ్ళను ఎల్ సాల్వడార్ జైలుకు పంపడానికి వాడిన చట్టం 1798 నాటిది, అంతకు ముందు మూడు యుద్ధాలలో తప్ప వాడలేదు. నవలా రచయితలకు కొత్త చట్టాలంటే మోజు, పాలకులకు పాతవే చాలు.

ఇక భయం సంగతి. 2025 సెప్టెంబరులో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ చైర్మన్ ఒక పాడ్‌కాస్ట్‌లో హెచ్చరించిన రోజునే ఏబీసీ టీవీ వాళ్ళు హాస్య వ్యాఖ్యాత జిమ్మీ కిమెల్ కార్యక్రమాన్ని ఆపివేశారు. ఉత్తర్వు లేదు, సంతకం లేదు. వారం తిరగకముందే మళ్ళీ తెచ్చారు, ప్రేక్షకులు గొడవ చేశారు కాబట్టి. మా రోజులలో గొడవ చేసినవాళ్ళు మీసా చట్టం కింద జైలులో ఉండేవారు.

ఎఫ్1 బాటసారి
మీరంతా పౌరులో, గ్రీన్‌కార్డు ఉన్నవారో. మాలాంటి విద్యార్థులకు ఆర్వెల్ కన్నా కాఫ్కా దగ్గరవాడు. 'ది ట్రయల్'లో జోసెఫ్ కె.ను ఒక ఉదయం అరెస్టు చేస్తారు, నేరమేమిటో చివరిదాకా చెప్పరు. 2025 ఏప్రిల్‌లో సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థులపై ప్రభుత్వం ఉంచే రికార్డులు) రద్దయిన వేలాదిమందిలో మా గదిలో ఉండే స్నేహితుడు ఒకడు, గుంటూరు కుర్రవాడు. ఎప్పుడో కట్టేసిన ట్రాఫిక్ జరిమానా తప్ప వాడికి వేరే చరిత్ర లేదు. కారణం ఎవరూ స్పష్టంగా చెప్పలేదు. దేశమంతటా దావాలు పడిన తరువాత ఆ నెలాఖరులో రికార్డులు తిరిగి వచ్చాయి, అప్పుడూ కారణం చెప్పలేదు. జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. మా చెల్లెలు వీసా ఇంటర్వ్యూకు ముందు రాత్రంతా కూర్చుని పాత పోస్టులు చెరిపింది. అందులో ఎక్కువ భాగం సినిమా హీరోల అభిమానుల తగాదాలే. ఆర్వెల్ నవలలో మనుషులను కనిపెట్టి చూసే టెలిస్క్రీన్‌ను గోడకు బిగించనక్కరలేదు, అది ఉందని తెలిస్తే చాలు, మన చెత్త మనమే ఊడ్చుకుంటాము.

రామబాణం77
తమ్ముడూ, మీ స్నేహితుడికి జరిగినది అన్యాయమే. కానీ వీసా హక్కు కాదు. నేనూ గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి వరుసలో నిలుచున్నాను, ఎవరిని రానివ్వాలో తేల్చుకునే అధికారం ఏ దేశానికైనా ఉంటుంది.

ఎఫ్1 బాటసారి
రానివ్వకుండా ఉండే అధికారాన్ని నేను కాదనలేదండీ. వచ్చినవాడిని పొమ్మన్నప్పుడు ఎందుకో చెప్పమంటున్నాను.

గణితం మాస్టారు
బాటసారి చెప్పినది ఈ చర్చలో అందరమూ వదిలేసిన విషయం. డిస్టోపియా నవలల్లో ఎక్కువ భాగం దేశమంతటికీ ఒకేసారి ఒకే రకంగా చీకటి పడుతుంది. వాస్తవంలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒక తలుపు వెనుక కాఫ్కా, పక్క తలుపు వెనుక మామూలు మంగళవారం. 1942లో లక్షా ఇరవై వేల మంది జపనీయ మూలాలవారిని శిబిరాలకు తరలించినప్పుడు కూడా మిగతా అమెరికాలో బేస్‌బాల్ పోటీలు ఆగలేదు.

పాతపుస్తకాల సందు
ఇది ఒప్పుకోవలసిన మాటే. అందుకే నేను సింక్లెయిర్ లూయిస్ 1935లో రాసిన 'ఇట్ కాంట్ హ్యాపెన్ హియర్'ను సూచిస్తాను. ఆయన భార్య డొరతీ థాంప్సన్ హిట్లర్‌ను ఇంటర్వ్యూ చేసిన విలేఖరి, 1934లో జర్మనీ నుంచి బహిష్కరణకు గురయింది, కాబట్టి ఇంట్లోనే సమాచారం ఉంది. కుటుంబానికి ఏటా ఐదు వేల డాలర్లు ఇస్తానని బజ్ విండ్రిప్ ఎన్నికలో గెలుస్తాడు, జనం నవ్వుకుంటూనే ఓటు వేస్తారు. వెర్మాంట్‌లోని ఒక చిన్న ఊరి పత్రికా సంపాదకుడు చాలాకాలం ఏమీ కాదులే అనుకుంటాడు. ఆ "ఏమీ కాదులే" అన్న భాగమే పుస్తకంలో శ్రేష్ఠమైనది. నడుమ కొంత సాగదీశాడు, చదివేవారు ఓపిక పట్టాలి.

రామబాణం77
విండ్రిప్ పదవిలోకి రాగానే కాంగ్రెస్ సభ్యులను అరెస్టు చేయిస్తాడు. 2021 జనవరి 20న ట్రంప్ పదవి దిగి వెళ్ళాడు.

పెన్నేటి గాలి
అదే నెల 6న ఆయన మద్దతుదారులు కాంగ్రెస్ భవనంపై చేసిన దాడి సంగతి కూడా చెప్పండి. ఆ కేసుల్లో ఉన్న సుమారు 1,500 మందికి 2025 జనవరి 20న క్షమాభిక్ష దొరికింది. విండ్రిప్ తన మినిట్‌మెన్ దళానికి ఇచ్చిన భరోసా అదే: నా కోసం చేసినది నేరం కాదని.

రామబాణం77
అందులో పోలీసులను కొట్టినవారికి కూడా క్షమాభిక్ష ఇవ్వడం నాకు నచ్చలేదు, ఇంట్లో కూడా ఆ మాటే అన్నాను. అయినా దానితో విండ్రిప్ అయిపోడు.

చికాగో చలిగాలి
మా అమ్మాయికి పదిహేనేళ్ళు. వీటిలో ముందు ఏది ఇవ్వమంటారు?

ప్యాసడీనా పిచ్చుక
బట్లర్. కథానాయిక లారెన్ వయసు కూడా మొదట్లో పదిహేనే. హింస, అత్యాచారం ప్రస్తావనలు ఉన్నాయి కాబట్టి మీరు ముందు చదివి ఇవ్వండి.

రామబాణం77
ఆర్వెల్ నవల కన్నా ముందు 1946లో ఆయన రాజకీయాలు, ఇంగ్లీషు భాష గురించి రాసిన వ్యాసం ఇవ్వండి. చిన్నది, రెండు పార్టీలకూ సమానంగా వాతలు పెడుతుంది.

పెన్నేటి గాలి
ఆ వ్యాసం విషయంలో రామబాణం గారితో ఏకీభవిస్తున్నాను. గణాంకాల అధికారి విషయంలో మాత్రం ఏకీభవించను.